తత్సమన్యాయమున రాగప్రవేశము: సితార్ విద్వాంసులు రవిశంకర్ కళాజీవితమునకు శాస్త్రపరిశీలనము

కొన్ని సంవత్సరముల క్రిందట ఎల్లారెడ్డిలో ఒక మిత్రుని యింట పండిత రవిశంకర్ వాయించిన సింహేంద్రమధ్యమ రాగపు ధ్వనిముద్రణమును వినుచుంటిమి. కామారెడ్డి నుండి నాతో వచ్చిన విద్యార్థి యొకడు ప్రక్కన కూర్చుండెను. అతడు కొంతకాలము వీణాభ్యాసము చేసినవాడు. వాదనము ముగిసిన పిమ్మట "అయ్యగారూ, స్వరములన్నియు సింహేంద్రమధ్యమమువే. కాని నేను నేర్చిన రాగము మాత్రము ఇది కాదు. ఇట్లు వాయించుట ఒప్పా, తప్పా?" అని నన్నడిగెను. నేను విచారింపకయే "ఇది అపభ్రంశము" అంటిని. అతడు మారు పలుకలేదు. ఆ సమాధానము తొందరపాటున ఇచ్చినదని పిదప నాకు తోచినది. శబ్దశాస్త్రము చెప్పి జీవించినవాడు అపభ్రంశమను మాటను అంత తేలికగా వాడరాదు. ఆనాడు నేను చెప్పదగియుండిన సమాధానమే ఈ వ్యాసము.

ప్రాచ్యకళాశాలలలో సంగీతరత్నాకరమును పరిచయము చేయునపుడు ఆలప్తి, గమకము, స్థాయము మున్నగు పదములకు అర్థము చెప్పుదుము. వాని ధ్వనిని మాత్రము చూపజాలము. లక్ష్యము లేని లక్షణము గ్రంథమునందే నిలిచిపోవును. ఒక సితార్ విద్వాంసుని జీవితమును, వాదనమును ఆధారముగా గొని ఆ పదములను మరల చదువుట ఇచటి ప్రయత్నము. ఇందు ప్రధానప్రశ్న ఒక్కటే: ఒక సంప్రదాయమునందలి రాగము వేరొక సంప్రదాయమున ప్రవేశించినపుడు దానియందు ఏది మిగులును, ఏది మారును?

దక్కనుభూమిక

సితార్ ఉత్తరదేశపు వాద్యమనియు, దానితో తెలుగువారికి పని లేదనియు కొందరు తలంతురు. కామారెడ్డి స్టేషనులో మన్మాడు వైపు పోవు రైలెక్కినచో నిజామాబాదు, నాందేడు, జాల్నా, ఔరంగాబాదు దాటిన పిమ్మట దౌలతాబాదు వచ్చును. అదియే ప్రాచీనమైన దేవగిరి. యాదవరాజు సింఘణుని కాలమున, అనగా 13వ శతాబ్ది పూర్వార్ధమున, శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించినది అచటనే. ఆయన పితామహుడు కాశ్మీరము నుండి దక్షిణమునకు తరలివచ్చినవాడు. ఉత్తర దక్షిణ సంప్రదాయములు రెండును నేటికిని తమకు మూలముగా చెప్పుకొను గ్రంథము ఈ దక్కను పీఠభూమిపై పుట్టినది. దానికి సుధాకరవ్యాఖ్యను రచించిన సింగభూపాలుడు రాచకొండ నేలిన రేచర్ల ప్రభువు.

సితార్ చరిత్రయందును దక్కనుకు చోటు కలదు. ఈ వాద్యమును అమీర్ ఖుస్రో (1253–1325) కల్పించెనను మాట లోకమున వ్యాపించి యున్నది. కాని ఆయన రచనలలో దానికి ఆధారము లేదని పరిశోధకులు నిర్ణయించిరి. సితార్ వాదనమును పేర్కొను తొలి లిఖితసాక్ష్యములలో ఒకటి 18వ శతాబ్దికి చెందిన మురఖ్ఖా-ఎ-ఢిల్లీ అను పారసీగ్రంథము. దానిని వ్రాసిన దర్గా ఖులీ ఖాన్ మొదటి ఆసఫ్‌జా వెంట 1738లో ఢిల్లీకి వెళ్లిన దక్కను ప్రముఖుడు. సితార్ అనగా పారసీకమున మూడు తంత్రులు గలది యని అర్థము. రత్నాకరమున త్రితంత్రీవీణ కలదు గాన రెండును ఒకటే యని కొందరందురు. నామార్థము సమానమైనంత మాత్రమున వంశము ఒక్కటి కాదు. కనుక ఆ వాదమును ఇచట స్వీకరింపలేదు.

వాద్యనిర్మాణమున ఒక భేదమును మాత్రము గుర్తుంచుకొనవలెను. మన సరస్వతీవీణపై 24 మెట్లు మైనముతో స్థిరముగా నిలుపబడి యుండును. ప్రతి స్థాయియందును పండ్రెండు స్వరస్థానములకు పండ్రెండు మెట్లు. సితార్ మెట్లు, అనగా పరదాలు, వంపు తిరిగిన లోహపు కడ్డీలు. అవి దండమునకు దారముతో కట్టబడును. సుమారు ఇరువది పరదాలే యుండుటచే కొన్ని స్వరస్థానములకు వేరు పరదా యుండదు. రాగమును బట్టి వాదకుడు పరదాను పైకి గాని క్రిందికి గాని జరుపుకొనును. పరదాల క్రిందుగా సాగు పదకొండు మొదలు పదమూడు వరకు గల తరబ్ తంత్రులను సైతము ఆ రాగస్వరములకే శ్రుతి చేయవలెను. కావున సితార్‌పై రాగము మారినచో వాద్యమే కొంత మారును. ఈ విషయము మున్ముందు మనకు ఉపకరించును.

జీవితరేఖ

రవిశంకర్ 1920 ఏప్రిల్ 7న కాశీలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి శ్యామశంకర్ చౌధురి సంస్కృతజ్ఞుడు, న్యాయవాది. ఝాలావాడ్ సంస్థానమున దివానుగా నుండెను. రవిశంకర్ పదియేండ్ల ప్రాయమున, 1930లో, అన్న ఉదయశంకర్ నృత్యబృందముతో పారిస్ నగరమునకు వెళ్లిరి. ఆ బృందమున బాలనర్తకుడుగా యూరపు, అమెరికా రంగస్థలములను చూచిరి. 1935లో మైహర్ ఆస్థానవిద్వాంసుడు అల్లావుద్దీన్ ఖాన్ ఆ బృందమున చేరిరి. అనేక విషయములందు చేయి పెట్టి దేనియందును నిలువని బాలుని ఆయన మందలించిరి. విద్య కావలెనన్న అన్నియు విడిచి తన యొద్దకు రమ్మనిరి. ఆ మాటకు కట్టుబడి 1938లో రవిశంకర్ నృత్యమును, నగరజీవితమును విడిచి మైహర్ చేరిరి.

మైహర్‌లో గడచిన ఆరేడేండ్లు పాఠశాలలో చదివినవారికి పరిచితమైన జీవితమే. మనము గురుముఖమున సంత చెప్పుకొన్నట్లు, అచట శిష్యుడు గురువు పాడిన స్వరసంచారమును విని తంత్రిపై పలికించవలెను. వ్రాతప్రతి లేదు. తప్పినచో మరల మొదటినుండి ఆరంభము. అల్లావుద్దీన్ ఖాన్ కోపమునకు ప్రసిద్ధుడు. అయినను వారి కుమారుడు అలీ అక్బర్ ఖాన్, కుమార్తె అన్నపూర్ణాదేవి, రవిశంకర్ ఆ యింటనే ఒక తరమునకు ఒరవడి దిద్దిరి. ముస్లిమైన గురువు మైహర్ కొండపై వెలసిన శారదాదేవికి పరమభక్తుడు. 1941లో రవిశంకర్ అన్నపూర్ణాదేవిని వివాహమాడిరి.

1949 మొదలు 1956 వరకు రవిశంకర్ ఢిల్లీలో ఆకాశవాణి సంగీతదర్శకులుగా నుండి 1952లో ఆరంభమైన జాతీయ వాద్యబృందమును నడిపిరి. 1955లో వెలువడిన పథేర్ పాంచాలీ చిత్రమునకు సంగీతము కూర్చిరి. 1956 నుండి యూరపు, అమెరికా దేశములలో విరివిగా కచేరీలు చేసిరి. 1962లో బొంబాయిలో కిన్నర అను సంగీతవిద్యాలయమును స్థాపించిరి. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము జరిగిన కచేరీలో వాద్యములను శ్రుతి చేసికొనుచుండగనే శ్రోతలు కరతాళధ్వనులు చేసిరి. శ్రుతి చేయుటయే ఇంతగా నచ్చినచో వాదనము మరింత నచ్చునని ఆశింతునని వారు చమత్కరించిరి. హాస్యమే యైనను అందొక పాఠము కలదు. శ్రుతికి, రాగమునకు గల భేదమెరుగని సభలో వారు తమ వాదనమును రాగమునకే కట్టుబడి నడిపిరి. వారికి 1999లో భారతరత్న పురస్కారము లభించినది. 2012 డిసెంబరు 11న అమెరికాలోని శాన్‌డియాగోలో పరమపదించిరి.

రాగాలప్తి, రూపకాలప్తి

రవిశంకర్ కచేరీక్రమమును రత్నాకరమునందలి ప్రకీర్ణకాధ్యాయముతో పోల్చి చూచినచో శాస్త్రపదములు సజీవములగును. శార్ఙ్గదేవుడు ఆలప్తిని రెండు విధములుగా విభజించెను. తాళముతో, ప్రబంధముతో సంబంధము లేక రాగమును మాత్రమే ప్రకటించునది రాగాలప్తి. రూపకమును, అనగా ప్రబంధమును, దాని తాళమును ఆశ్రయించి చేయునది రూపకాలప్తి.

రాగాలప్తికి నాలుగు స్వస్థానములు చెప్పబడినవి. రాగము నిలుకడ చెందు స్వరము స్థాయి. దానికి నాల్గవది ద్వ్యర్ధము, ఎనిమిదవది ద్విగుణము, ఈ రెంటి నడుమ నుండునవి అర్ధస్థితములు. మొదటి స్వస్థానమున ద్వ్యర్ధమునకు లోపల సంచరించవలెను. రెండవ దానియందు ద్వ్యర్ధమును, మూడవ దానియందు అర్ధస్థితములను, నాల్గవ దానియందు ద్విగుణమును స్పృశించి, ప్రతి పర్యాయము స్థాయిస్వరమునకు మరలవలెను. సితార్ ఆలాపమును వినునపుడు ఈ సోపానక్రమమును చెవితో పట్టవచ్చును. రవిశంకర్ వాద్యమున ఖరజ్ తంత్రి యుండుటచే మంద్రషడ్జమునకు దిగువనున్న అతిమంద్రము వరకు దిగుట సాధ్యమయ్యెను. వారి ఆలాపము మొదట ఆ లోతులలో చిరకాలము నిలిచి, ఒక్కొక్క స్వరమునకు తావిచ్చుచు తారషడ్జమును చేరును. వేరొక ఘరానాకు చెందిన విలాయత్ ఖాన్ (1928–2004) ఆ మంద్రతంత్రులను తొలగించి, ఒకే మెట్టుపై తంత్రిని లాగి గాత్రమువలె పలికించు మార్గమును అవలంబించిరి. ఇరువురును రాగాలప్తియే చేసిరి. కాని ఒకరు వీణామార్గమును, వేరొకరు గాత్రమార్గమును ముఖ్యముగా గొనిరి.

ఆలాపము పిదప వచ్చు జోడ్, తాళము లేకయే లయ గలది కావున, మన వైణికుల తానమునకు సన్నిహితము. తరువాతిది గత్. తీన్‌తాల్ పదునారు మాత్రలలో పండ్రెండవ మాత్రనుండి ఎత్తుకొను మసీత్‌ఖానీ గత్ విలంబమునకు, రజాఖానీ గత్ ద్రుతమునకు ప్రసిద్ధములు. గత్‌ను పట్టుకొని చేయు విస్తారమే రూపకాలప్తి.

లయయందు రవిశంకర్ దాక్షిణాత్య లయగణితమునకు తాము ఋణపడి యుంటినని ఒప్పుకొనిరి. మనము ముక్తాయింపు అను దానికి దగ్గరగా వారికి తిహాయి కలదు. ఒక పదమును ముమ్మారు పలికి చివరి దెబ్బను సమమున వేయవలెను. ఉదాహరణకు అయిదు మాత్రల పదమును సమమునుండి ఆరంభించి, నడుమ ఒక్కొక్క మాత్ర విరామమిచ్చి మూడు సార్లు వాయించినచో 5+1+5+1+5 కలిసి 17 అగును. ఆ పదునేడవ మాత్రయే తరువాతి ఆవర్తపు సమము. ఈ సరళమైన లెక్కపై వారు క్లిష్టములైన కట్టడములను నిర్మించిరి.

మేళము వచ్చును, గమకము రాదు

ఇక ప్రధానాంశము. రవిశంకర్ కర్ణాటక సంప్రదాయము నుండి కీరవాణి, చారుకేశి, వాచస్పతి, సింహేంద్రమధ్యమము మున్నగు రాగములను సితార్‌పై వాయించి హిందుస్తానీ సంగీతమున ప్రచారము చేసిరి. వారికి పూర్వమే అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) వంటి గాయకులు దాక్షిణాత్య రాగముల వైపు దృష్టి సారించి యుండిరి. భేండీబజార్ ఘరానాకు చెందిన అమాన్ అలీ ఖాన్ హంసధ్వనిని ఉత్తరమున ప్రవేశపెట్టిరి. రవిశంకర్ ఆ మార్గమును విశాలము చేసిరి. 1956లో వెలువడిన త్రీ రాగాస్ అను గ్రామఫోను ముద్రణలో జోగ్, అహీర్ భైరవ్ రాగముల సరసన సింహేంద్రమధ్యమము కలదు.

ఈ పేర్లు కటపయాదిసూత్రమున సంఖ్యలను గర్భీకరించుకొన్నవి. కీరవాణియందు మొదటి రెండు అక్షరములు క, ర. అవి ఒకటి, రెండు. అంకములను వామగతిన చదివినచో 21. చారుకేశిలో చ ఆరు, ర రెండు, కావున 26. వాచస్పతిలో వ నాలుగు, చ ఆరు, కావున 64. కీరవాణియందు చతుశ్శ్రుతి రిషభము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, శుద్ధ ధైవతము, కాకలి నిషాదము. శుద్ధ మధ్యమమును ప్రతిమధ్యమముగా మార్చిన 21కి 36 చేరి 57వ మేళమగు సింహేంద్రమధ్యమము ఏర్పడును. స్వరములను ఇట్లు అంకెలతో నిర్దేశింపవచ్చును గనుక మేళము ఒక దేశమునుండి వేరొక దేశమునకు సులభముగా ప్రయాణము చేయును. సితార్‌పై ధైవతపు పరదాను కోమలస్థానమునకు జరిపి, తరబ్ తంత్రులను శ్రుతి చేసినచో కీరవాణీమేళము సిద్ధమగును.

కాని మేళమే రాగము కాదు. స్వరమునకు శ్రోతృచిత్తమును రంజింపజేయు కంపనము గమకమని శార్ఙ్గదేవుడు చెప్పి, దానికి పదునైదు భేదములను గణించెను. కర్ణాటక సంప్రదాయమున అనేక స్వరములు ఊగుచు పలుకును. ఆ ఊపునందే స్వరముయొక్క స్వరూపము కలదు. హిందుస్తానీ సంప్రదాయమున స్వరము చాలవరకు నిలిచి పలుకును. ఒక స్వరమునుండి మరియొక దానికి జారుట మీండ్. దర్బారీ గాంధారమునందువలె ఆందోళనము నియతస్థానములందే ఉండును. కావున రవిశంకర్ వాయించిన సింహేంద్రమధ్యమమున మన గమకములు లేవు. వారు వానిని తేవలెనని ప్రయత్నింపనూ లేదు. ఉత్తరదేశపు ఆలాపక్రమమును, మీండ్‌ను, గత్‌ను ఆ స్వరములకు ఒసగిరి. హిందుస్తానీ సంప్రదాయమున రాగములకు వేళ యుండవలెను గాన కీరవాణిని రాత్రివేళకు చేర్చిరి. మన యొద్ద దానికి అట్టి నియమము లేదు.

దీనిని ఏమనవలెను? వ్యాకరణము చెప్పు మనకు సమాధానము చేతియందే కలదు. సంస్కృతమున రామః అను రూపము తెలుగున యథాతథముగా నిలువదు. ప్రాతిపదిక మాత్రమే వచ్చును, సంస్కృతవిభక్తి రాదు. తెలుగు డుప్రత్యయము చేరి రాముడు అగును. వృక్షశబ్దము సంస్కృతమున పుంలింగము. తెలుగున వృక్షము అమహత్తు. లింగమే మారినను దానిని తత్సమమనియే వ్యవహరింతుము. చిన్నయసూరి దీనిని అపభ్రంశమనలేదు. పరభాషాశబ్దము మన భాషలో ప్రవేశించుటకు మార్గమిదియని సూత్రీకరించెను. రాగవిషయమున మేళము ప్రాతిపదిక వంటిది. గమకము విభక్తి వంటిది. వేళ లింగము వంటిది. ప్రాతిపదిక దక్షిణమునుండి వచ్చినది. విభక్తిని, లింగమును ఉత్తరసంప్రదాయము తన నియమమున ఇచ్చినది. కావున సితార్‌పై సింహేంద్రమధ్యమము తత్సమరాగము. రాముడు అను రూపమును చూచి విసర్గ ఎచట పోయినదని అడుగుట ఎట్టిదో, ఆ సితార్ వాదనమున మన గమకము లేదని దోషమెన్నుట అట్టిదే.

ఈ ఉపమానమునకు ఒక హద్దు కలదు. తత్సమమునకు విభక్తి నియతము. రాగమునకు గమకము వాదకుని వివేకముపై ఆధారపడును. మేళస్వరములను వరుసగా వాయించి, ఏ సంప్రదాయపు గమకమును పొందింపక, దానిని రాగమని పిలుచువారును ఉందురు. అది ప్రత్యయము లేని ప్రాతిపదికను వాక్యమున ప్రయోగించుట వంటిది. అసాధుత్వమున్నచో అచట కలదు, రవిశంకర్ చేసినదానియందు కాదు. ఎరువు తెచ్చిన మేళమునకు సంపూర్ణమగు సంస్కారము చేసి పదముగా నిలుపుటయే వారి కళలోని విశేషము.

ఈ సంస్కారబలము వారి స్వకీయ రాగనిర్మాణమునందును కనబడును. 1948లో గాంధీమహాత్ముని నిర్యాణానంతరము ఆయన నామమునుండి గ, ని, ధ అను స్వరాక్షరములను గ్రహించి రచించిన రాగము మోహన్‌కౌంస్. అక్షరములనుండి స్వరములను గ్రహించుట మన స్వరాక్షర ప్రయోగమునకు సోదరి వంటిది.

ఇచ్చిపుచ్చుకొనుట

ఈ రాకపోకలు ఏకముఖములు కావు. ముత్తుస్వామి దీక్షితులు యౌవనమున కాశీలో కొన్నేండ్లు వసించిరి. ఉత్తరాది జైజైవంతికి సంవాదియగు ద్విజావంతిని, యమునాకల్యాణిని తమ కృతులలో ప్రతిష్ఠించిరి. వానికి వారు దాక్షిణాత్య గమకములనిచ్చిరి. ఆ ద్విజావంతిని ఎవ్వరును అపభ్రంశమనరు. దక్షిణమునకు ఒప్పినది ఉత్తరమునకు తప్పు కాజాలదు.

తెలుగువారిలో ఈ సంధిస్థానమున నిలిచిన ప్రధానవ్యక్తి ద్రాక్షారామమున జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రి (1922–1987). రవిశంకర్ నడిపిన ఆకాశవాణి జాతీయ వాద్యబృందమునకే అనంతరకాలమున వీరును నిర్దేశకులై ఢిల్లీలో పనిచేసిరి. హిందుస్తానీ విద్వాంసులతో జుగల్‌బందీలు చేసిరి. తెలుగువారైన మిట్టా జనార్దన్ రవిశంకర్ శిష్యులై దక్షిణాది చలనచిత్రసంగీతమున సితార్ పలికించిరి. తెలంగాణమున పండ్రెండు మెట్ల కిన్నెర నేటికిని వినబడుచున్నది. దాని వాదకులైన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది. రత్నాకరమున కిన్నరీవీణాలక్షణమును బోధించు ఉపాధ్యాయుడు ఈ కిన్నెరను ఒకమారు విద్యార్థులకు వినిపించినచో గ్రంథపాఠమునకు ఎంతయో వెలుగు కలుగును.

ముగింపు

ఇంతకును ఆ విద్యార్థి చెవి తప్పు వినలేదు. స్వరములు ఒకటియే, రాగస్వరూపము వేరు అని అతడు సరిగా గ్రహించెను. భేదమును గుర్తించినవానికి ఆ భేదము దోషమని చెప్పి పంపుట నా లోపము. ఇటీవల కామారెడ్డిలో అతడు మరల కలిసినపుడు ఈ తత్సమన్యాయమును వివరించితిని. అతడు కొంతసేపు ఆలోచించి "అయితే, అయ్యగారూ, ద్విజావంతి మనకు వృక్షము వంటిదా?" అని యడిగెను. ఆ ప్రశ్న వలన నా సమాధానము అతనికి చేరినదని తెలిసినది. రత్నాకరపాఠము చెప్పు మిత్రులు ఆలప్తిప్రకరణమును బోధించు దినమున ఒక సితార్ ఆలాపమును, ఒక వీణారాగాలాపనమును ప్రక్కప్రక్కనే వినిపింతురని, విద్యార్థి అడుగబోవు ప్రశ్నకు తొందరపడక సమాధానమిత్తురని ప్రార్థించుచున్నాను.